డీజిలు ఇంజను చరిత్ర – ఒక లాగ్ బుక్కు గుమస్తా అనుభవం



ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు కొంత సంకోచించాను. డి.ఆర్. బకాయిల గురించి, కమ్యుటేషన్ గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు కొద్దో గొప్పో తెలిసిన విషయం ఒక్కటే. 36 సంవత్సరాల సర్వీసులో 14 సంవత్సరాలు నేను ఆఫీసు వాహనాల లాగ్ బుక్కులు, డీజిలు బిల్లులు చూసే సీటులో కూర్చున్నాను. కాబట్టి డీజిలు బండి గురించి వ్రాస్తున్నాను. ఇది వ్రాయడానికి వేరే కారణం కూడా ఒకటి ఉన్నది. అది చివర మనవి చేస్తాను.

మనలో చాలామంది 2007 – 2012 మధ్య రిటైరై, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బులో కొంత తీసి చిన్న డీజిలు కారు కొనుక్కున్నవారే. అప్పట్లో డీజిలు ధర పెట్రోలు కంటె బాగా తక్కువ. ఆ కార్లలో చాలావరకు టర్బో డీజిలు కార్లే. మనతోపాటే వాటికీ వయసు మీద పడింది. "మునుపటి పికప్ లేదు, మైలేజీ పడిపోయింది" అన్న మాట సంఘం సమావేశాలలో టీ తాగేటప్పుడు తరచు వింటున్నాను. పిల్లలేమో "కంప్యూటరు పెట్టి ట్యూనింగు చేయిద్దాం నాన్నా, పవరూ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది" అంటున్నారు. ఇది ఎంతవరకు నిజం? దీనికి జవాబు కావాలంటే 130 సంవత్సరాల చరిత్ర కొంచెం తిరగవేయాలి. అంతకంటె ముందు ఒక జీపు సంగతి చెప్పాలి.

జీపు సంగతి

1988లో మా ఆఫీసులో ఒక డీజిలు జీపు ఉండేది. ఆఫీసు పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ జీపుకు నిర్ణయించిన మైలేజీ లీటరుకు 11 కిలోమీటర్లు. ఒక త్రైమాసికంలో లాగ్ బుక్కు మొత్తం వేస్తే 4,400 కిలోమీటర్లు తిరిగింది, 550 లీటర్లు పట్టించారు. అంటే లీటరుకు 8 కిలోమీటర్లు. 11 చొప్పున అయితే 400 లీటర్లు చాలు. తేడా 150 లీటర్లు.

నేను నోటు పెట్టాను. "150 లీటర్ల డీజిలు దుర్వినియోగమైనట్లు కనబడుచున్నది. సదరు మొత్తమును డ్రైవరు నుండి రాబట్టవచ్చును" అని నా చేతితో వ్రాశాను. మెమో వెళ్లింది. డ్రైవరు గారు సంజాయిషీ ఇచ్చారు. బండి నల్లపొగ పోస్తున్నదని, ఎత్తు ఎక్కడం లేదని, పంపు షాపుకు పంపమని రెండుసార్లు చెప్పానని అందులో వ్రాయించారు. ఆయన చెప్పింది నోటిమాట. నోటిమాట ఫైలుకు ఎక్కదు. ఆరు వాయిదాలలో ఆయన జీతం నుంచి రికవరీ చేశారు. ఆ మొత్తం ఆయన నెల జీతంలో దాదాపు సగం.

ఐదు నెలల తరువాత ఆ జీపు క్యాంపు మధ్యలో నిలిచిపోయింది. ఆటోనగరులో పంపు షాపుకు పంపారు. ఎయిర్ క్లీనరు దుమ్ముతో పూడుకుపోయింది. నాలుగు నాజిళ్లలో రెండు, డీజిలును తుంపరగా చిమ్మడానికి బదులు చుక్కలుగా కారుస్తున్నాయి. పంపు టైమింగు వెనకబడింది. ఇవన్నీ సరిచేసి పంపిన మరుసటి నెల లాగ్ బుక్కులో మైలేజీ మళ్లీ 11 వచ్చింది. బిల్లు పాసు చేసింది నేనే, మైలేజీ లెక్క వేసింది నేనే. అప్పుడు నాకు ముచ్చెమటలు పోశాయి. నా కూడికలూ తీసివేతలూ అన్నీ సరైనవే. కాని ఆ 150 లీటర్లు ఎవరి ఇంటికీ వెళ్లలేదు, పొగగొట్టంలో నుంచి పోయాయి.

రికవరీ తిరిగి ఇవ్వవచ్చునని రెండవ నోటు పెట్టాను. "రికవరీ పూర్తి అయినది, తిరిగి తెరవనక్కరలేదు" అని వ్రాసి ఫైలు వెనక్కు వచ్చింది. నేను పొట్టి సంతకం చేసి ఫైలును కట్టలో పెట్టాను.

పొగ అంటే ఏమిటో తెలుసుకోవాలని నాకు పట్టింది అప్పటినుంచే. లైబ్రరీలోను, పంపు షాపులలోను, తరువాత మా అబ్బాయి కంప్యూటరులోను చదివి తెలుసుకున్నది ఈ క్రింద వ్రాస్తున్నాను.

వృథాను తగ్గించాలన్న పట్టుదల

డీజిలు అనేది ముందు ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో జర్మన్ తల్లిదండ్రులకు పుట్టాడు. మ్యూనిక్‌లో ఇంజనీరింగు చదివే రోజులలో, ఆవిరి యంత్రం బొగ్గులోని శక్తిలో పదోవంతు కూడా పనిగా మార్చలేకపోతున్నదని పాఠంలో విన్నాడు. మిగిలిన తొమ్మిది వంతులూ వృథా. ఆ వృథాను తగ్గించడమే ఆయన జీవితాశయం అయింది.

ఆయన ఆలోచన ఇది. గాలిని మాత్రమే సిలిండరులోకి పీల్చి గట్టిగా నొక్కాలి. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కడం మనకందరికీ తెలుసు. అదే గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు నొక్కితే వందల డిగ్రీల వేడి పుడుతుంది. అప్పుడు ఇంధనం చిమ్మితే నిప్పురవ్వ లేకుండానే మండుతుంది. 1893 ఫిబ్రవరిలో పేటెంటు వచ్చింది. ఆగ్స్‌బర్గ్ కార్ఖానాలో అదే ఏడాది చేసిన మొదటి యంత్రం తనంత తాను నడవలేకపోయింది. నాలుగేళ్లు కష్టపడ్డాడు. 1897 ఫిబ్రవరి 17న మోరిట్జ్ ష్రోటర్ అనే ప్రొఫెసరు అధికారికంగా పరీక్షించగా 26.2 శాతం శక్తి పనిగా మారింది. ఆ రోజుల్లో మరే ఇంజనూ దాని దరిదాపులకు రాలేదు.

కనుక డీజిలు ఇంజను పుట్టిందే పొదుపు కోసం. 1913 సెప్టెంబరులో ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండుకు వెళ్లే ఓడలో ప్రయాణిస్తూ ఆయన రాత్రికి రాత్రే సముద్రంలో మాయమయ్యాడు. తన ఇంజను రోడ్లమీద విరివిగా పరుగెత్తడం ఆయన చూడలేదు.

గాలి లెక్క, డీజిలు లెక్క

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఒక కిలో డీజిలు పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. లీటరు డీజిలు బరువు సుమారు 830 గ్రాములు. ఆ ప్రకారం లీటరు డీజిలుకు 12 కిలోల గాలి, అంటే సుమారు 10,000 లీటర్ల గాలి కావాలి. డీజిలు, గాలి సిలిండరులో కలుసుకోవడానికి ఉన్న వ్యవధి రెప్పపాటు కంటె తక్కువ కాబట్టి, ఆచరణలో ఇంకా కొంత ఎక్కువ గాలే ఉండాలి.

పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటరు తొక్కితే గాలి ద్వారం తెరుచుకుంటుంది. డీజిలు ఇంజనులో యాక్సిలరేటరు డీజిలును పెంచుతుంది. పవరు కావాలంటే డీజిలు పెంచాలి. గాలి ఉన్నంతవరకు ఆ పెంచిన డీజిలు పవరు ఇస్తుంది. గాలి చాలనప్పుడు అదే డీజిలు సగం కాలి మసి అవుతుంది. నల్లపొగ అంటే అదే. రాబడి లేని ఖర్చు అన్నమాట. పవరూ రాదు, మైలేజీ కూడా పోతుంది. ఈ ఒక్క ముక్క 1988లో నాకు తెలిసివుంటే ఆ నోటు వ్రాసేవాణ్ణి కాదు.

గాలిని తోసినవాడు, డీజిలును కొలిచినవాడు

పవరు పెరగాలంటే గాలి పెరగాలని గ్రహించినవాడు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ. పొగగొట్టంలో నుంచి వేడివాయువు వేగంగా బయటకు పోతూ ఎంతో శక్తిని వృథా చేస్తున్నది. ఆ దారిలో ఒక చక్రం పెట్టి తిప్పి, అదే ఇరుసు రెండో కొసన ఇంకొక చక్రంతో గాలిని ఇంజనులోకి తోస్తే? 1905లో ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇదే టర్బో. ఆచరణలోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1925 ప్రాంతంలో ఓడలకు చేసిన పది సిలిండర్ల డీజిలు ఇంజనుకు టర్బో పెడితే 1,750 అశ్వశక్తి కాస్తా 2,500 అయింది.

ఇక డీజిలును కొలిచి చిమ్మే పని. మొదట్లో ఇంధనాన్ని గాలి ఒత్తిడితో లోపలికి ఊదేవారు. దానికి పెద్ద కంప్రెసరు కావాలి కనుక ఓడలకు, కార్ఖానాలకు తప్ప బండ్లకు పనికిరాలేదు. జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థ 1922లో మొదలుపెట్టి 1927 నాటికి చిన్న ఇంజెక్షను పంపును తయారుచేసి అమ్మకానికి తెచ్చింది. ఆ పంపు వల్లనే లారీలలోను, తరువాత కార్లలోను డీజిలు ఇంజను విస్తృతంగా వాడకంలోకి వచ్చింది. 1936లో వచ్చిన మెర్సిడెస్ 260 డి కారులో 2.6 లీటర్ల ఇంజను, 45 అశ్వశక్తి. పికప్ అంతంత మాత్రమే గాని ఇంధనం ఆదా అవుతున్నదని టాక్సీవాలాలు దానిని ఎక్కువగా వాడారు.

మన దేశంలో ఈ పంపులు బెంగుళూరులోని మైకో సంస్థ తయారుచేసింది. అది 1951లో మొదలైంది, 2008లో బాష్ అని పేరు మార్చుకుంది. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా వారు మెర్సిడెస్ సహకారంతో లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. మన ఆటోనగర్లలో పంపు షాపు మెకానిక్కు ఒక ప్రత్యేకమైన గౌరవం ఉండడానికి కారణం ఇదే. ఇంజను విప్పడం చాలామందికి వచ్చు. పంపు విప్పి, బెంచీ మీద పెట్టి, గాజు గొట్టాలలో చుక్కలు కొలిచి అన్ని సిలిండర్లకూ సమానంగా చేయడం కొందరికే వచ్చు.

ఓడలో ఉన్న టర్బో, డీజిలు కారులోకి రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1976లో మెర్సిడెస్ వారు తమ 3 లీటర్ల, ఐదు సిలిండర్ల టాక్సీ ఇంజనుకే టర్బో బిగించి 190 అశ్వశక్తి రాబట్టి, ఇటలీలోని నార్డో ట్రాక్‌పై రికార్డులు సృష్టించారు. 1978లో దాదాపు 110 అశ్వశక్తితో 300 ఎస్.డి. అనే కారును అమ్మకానికి పెట్టారు. టర్బో లేనప్పుడు అదే ఇంజను 80 దగ్గర ఉండేది. 190 రాబట్టగలిగినవారు 110 దగ్గర ఎందుకు ఆగారు? రికార్డు బండి కొన్ని గంటలు పరుగెడితే చాలు. అమ్మిన బండి పదేళ్లు తిరగాలి. ట్యూనింగు చేయించబోయే ప్రతివారూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

స్క్రూ నుంచి కంప్యూటరు వరకు

పాత పంపు రోజులలో ట్యూనింగు అంటే ప్రధానంగా మూడు. మొదటిది, పంపు మీద ఉండే డీజిలు స్క్రూను కొంచెం బిగించి ఎక్కువ డీజిలు పంపడం. రెండవది, చిమ్మే సమయాన్ని కాస్త ముందుకు జరపడం, దీనినే టైమింగు అడ్వాన్సు అంటారు. మూడవది, టర్బో ఒత్తిడిని పెంచడం. డీజిలు స్క్రూ మాత్రమే తిప్పితే పవరు కొంత వస్తుంది, పొగ ఎక్కువగా వస్తుంది. పాత లారీ కొండ ఎక్కుతూ వెనకవారి ముఖాన మసి పూయడం వెనుక చాలాసార్లు ఇలా తిప్పిన స్క్రూ ఉంటుంది. టైమింగు సరిగ్గా ముందుకు జరిపితే పవరు, మైలేజీ రెండూ కొంత మెరుగవుతాయి. మరీ జరిపితే ఇంజను టకటక కొట్టుకుంటుంది, పిస్టన్ల మీద భారం పడుతుంది, కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువవుతాయి. ఏది తిప్పినా ఒక చోట జమ, ఇంకొకచోట ఖర్చు.

1997లో ఆల్ఫా రోమియో 156 అనే కారుతో కామన్ రైల్ పద్ధతి కార్లలోకి వచ్చింది. ఇందులో డీజిలును ఒక గట్టి గొట్టంలో వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు పైబడిన ఒత్తిడితో నిలవ ఉంచుతారు. ఏ నాజిలు ఎప్పుడు, ఎంత సేపు తెరుచుకోవాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. 2003లో ఫియట్ వారి 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజను ఒక మండింపులో ఐదుసార్ల వరకు కొద్దికొద్దిగా చిమ్మేటట్లు తయారైంది. మన దేశంలో 2007లో స్విఫ్ట్ కారులో, తరువాత అనేక కంపెనీల కార్లలో వచ్చినది ఈ 1,248 సి.సి. ఇంజనే. ఒక రకంలో 75 అశ్వశక్తి. అదే ఇంజనుకు రెక్కలు కదిలే మెరుగైన టర్బో పెట్టి, దానికి తగ్గట్లు కంప్యూటరు లెక్కలు మార్చితే 90. ఇంజను పరిమాణం ఒక్క సి.సి. కూడా పెరగలేదు. గాలి పెరిగింది, దానికి తగిన డీజిలు అందింది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధనలు వచ్చినప్పుడు మారుతి వారు డీజిలు కార్లను ఆపివేయడంతో ఆ కథ ముగిసింది.

ఇప్పుడు పిల్లలు చెబుతున్న 'రీమ్యాప్' అంటే కంప్యూటరులోని ఆ లెక్కల పట్టికను తిరిగి వ్రాయడం. స్క్రూడ్రైవరు పోయి ల్యాప్‌టాప్ వచ్చింది. లెక్క మాత్రం పాతదే. టర్బో ఇవ్వగల గాలికి మించి డీజిలు పెంచితే పొగే వస్తుంది. వాయువుల వేడి పెరుగుతుంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాని బేరింగు నూనె పొర మీద తేలుతుంది. క్లచ్చు పాత బలానికే తయారైంది. ఇన్ని భారాలు పదిహేనేళ్ల ముసలి ఇంజను మీద పడతాయి.

లెక్కల పట్టికను తప్పుగా వ్రాయడం చిన్న షాపులవారే చేస్తారనుకోకూడదు. ఫోక్స్‌వాగన్ సంస్థ డీజిలు కార్ల కంప్యూటరులో, పరీక్ష జరుగుతున్నదని గుర్తుపట్టి అప్పటికి మాత్రం పొగను శుభ్రపరచే ఏర్పాటు పెట్టిందని 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. ప్రపంచం మొత్తం మీద సుమారు 1 కోటి 10 లక్షల బండ్లలో అది ఉన్నదని సంస్థే ఒప్పుకుంది. ఆడిట్ వచ్చిన రోజున ఒక లాగ్ బుక్కు, మిగతా రోజులలో ఇంకొక లాగ్ బుక్కు!

మా కారు సంగతి

నేను 2009లో రిటైరై 2010లో చిన్న టర్బో డీజిలు కారు కొన్నాను. నా శ్రీమతికి మోకాళ్ల నొప్పులు. నెలకు రెండుసార్లు ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి అదే ఆధారం. లాగ్ బుక్కు వ్రాసే అలవాటు పోలేదు కనుక పట్టించిన ప్రతి లీటరూ డైరీలో వ్రాస్తాను. చాలాకాలం లీటరుకు 18 కిలోమీటర్లకు తగ్గలేదు. 2023లో అది 14కు పడిపోయింది. ఫ్లై ఓవరు ఎక్కేటప్పుడు ఆయాసపడేది. మా అబ్బాయి ఒక షాపు చూసి రీమ్యాప్ చేయిద్దామన్నాడు. అశ్వశక్తి నాలుగో వంతు పెరుగుతుందని, మైలేజీ కూడా పెరుగుతుందని ఆ షాపువారి మాట.

నాకు మా పాత డ్రైవరు గారు గుర్తుకు వచ్చారు. 2006లో రిటైరై మా ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటున్నారు. సిగ్గుపడుతూనే ఫోను చేశాను. ఆయన పూర్తిగా విని, "సారూ, ముందు పొగ చూడండి. ఉన్న డీజిలే కాలని బండికి ఇంకా పోయిస్తే ఏమవుద్ది? నేను వస్తా ఉండండి" అన్నారు. 75 ఏళ్ల మనిషి, మరునాడు ఉదయం బస్సు దిగి వచ్చారు.

బానెట్ ఎత్తి నన్ను యాక్సిలరేటరు తొక్కమన్నారు. వెనక నల్లపొగ, ముందు బుస్సుమని శబ్దం. టర్బో నుంచి గాలి వెళ్లే రబ్బరు పైపు అడుగున పగిలి, చుట్టూ నూనె తడి ఉన్నది. టర్బో తోసిన గాలిలో కొంత ఇంజనుకు చేరకుండా బయటకే పోతున్నది. పదమూడేళ్లు పని చేసిన రబ్బరు పగలడం ఎవరి తప్పూ కాదు. ఆ మీదట ఇద్దరం ఆటోనగరు వెళ్లాం. ఎయిర్ ఫిల్టరు నల్లబడింది. ఈ.జి.ఆర్. వాల్వు మసి పట్టి పూర్తిగా మూసుకోవడం లేదు. నాజిళ్ల నుంచి తిరిగి వచ్చే డీజిలును నాలుగు చిన్న సీసాలలో పట్టి చూస్తే మూడు సీసాలు సమానంగా ఉన్నాయి, ఒకటి మిగతావాటికంటె రెండింతలు నిండింది. దానిని పంపు షాపుకు ఇచ్చాం. వెనక చక్రం ఒకటి బ్రేకు పట్టి ఉన్నది. టైర్లలో గాలి తక్కువ.

ఇవన్నీ సరిచేసిన తరువాత మూడుసార్లు ట్యాంకు నిండుగా పట్టించి లెక్క వేశాను. సగటు 18.2. ఫ్లై ఓవరు మూడో గేరులో హాయిగా ఎక్కింది. రీమ్యాప్‌కు అడిగిన దానిలో సగం కూడా ఖర్చు కాలేదు. కొత్త పవరు ఏదీ మేము పెట్టలేదు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకున్నాం, అంతే. 2025లో పదిహేనేళ్లు నిండగా ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషను మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాను.

మిత్రులకు మనవి

పాత టర్బో డీజిలు కారు ఉన్నవారికి నా అనుభవంలోని నాలుగు మాటలు.

మైలేజీని మీటరు చూపించే అంకె మీద కాక, నిండు ట్యాంకు నుంచి నిండు ట్యాంకుకు లెక్కవేసి వ్రాసుకోండి. తగ్గుదల ఒక్కనెలలో కాక మూడు నెలలు వరుసగా కనిపిస్తే కారణం వెతకండి.

వెతికేటప్పుడు ముందు గాలి, తరువాత డీజిలు చూడండి. ఎయిర్ ఫిల్టరు, టర్బో పైపులు, ఈ.జి.ఆర్. వాల్వు మొదట. డీజిలు ఫిల్టరు, అందులో నీరు, నాజిళ్లు ఆ తరువాత. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే ఇంజను వేడెక్కక డీజిలు తాగుతుంది. టైర్ల గాలి, బ్రేకులు చూడడానికి పెద్ద ఖర్చు ఉండదు. ఈ.జి.ఆర్. వాల్వుకు రేకు వేసి మూసేస్తామని కొందరు అంటారు. ఒప్పుకోవద్దు. అది కంటికి కనిపించని విషవాయువును తగ్గించడానికి పెట్టినది. కడిగించుకుంటే సరిపోతుంది.

కంపెనీ చెప్పిన గ్రేడు ఇంజను ఆయిలే వాడండి, గడువుకు మార్పించండి. దూరప్రయాణం తరువాత ఇంజను ఒక నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపండి. 100 వేగంలో గాలి అడ్డు 80 వేగంలో కంటె ఒకటిన్నర రెట్లు ఉంటుంది. నెమ్మదిగా నడపడమే అన్నిటికంటె చవకైన ట్యూనింగు, మన వయసుకు తగినది కూడా.

అన్నీ బాగున్న తరువాత కూడా రీమ్యాప్ చేయించాలనిపిస్తే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను గుర్తుంచుకోండి. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేటట్లు బండిని మార్చకూడదని అది చెబుతున్నది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు క్లెయిములో చిక్కులు రావచ్చు. పింఛను మీద బ్రతికే మనకు ఆ చిక్కులు అవసరమా అని ఆలోచించుకోవాలి.

చివరి మాట

ఆ రోజు ఆటోనగరులో నాజిలు వచ్చేవరకు టీ బంకు దగ్గర కూర్చున్నాం. 35 ఏళ్లుగా నోరు దాటని మాట అప్పుడు అన్నాను. "ఆ నోటు పెట్టింది నేనే. తప్పు జరిగింది. ఆ డబ్బు వడ్డీతో సహా లెక్క వేసి ఇస్తాను, తీసుకోండి" అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను సారూ. మీరు రాసిన ఆ 'దుర్వినియోగం' అనే మాట ఉంది చూడండి, అది మా అమ్మాయి చదివింది. అప్పుడు దానికి పన్నెండేళ్లు. నాన్నా, నువ్వు డీజిలు అమ్మావా అని అడిగింది" అన్నారు. కాసేపాగి, "మీరు రాయగలరు గదా. ఎక్కడైనా ఒక్క ముక్క రాయండి, చాలు" అన్నారు.

ఫైలులో వ్రాసే అధికారం నాకు ఇప్పుడు లేదు. ఆ ఫైలు కూడా ఎప్పుడో కాలగర్భంలో కలిసిపోయి ఉంటుంది. సంపాదకవర్గం వారు పేజీలు ఇచ్చారు కనుక ఇక్కడ వ్రాస్తున్నాను. తన పేరు వేయవద్దని ఆయన కోరారు. మా ఆఫీసులో ఆ రోజులలో పనిచేసినవారికి ఆయన ఎవరో తెలుసు. 1988లో మా జీపులో తేడా వచ్చిన 150 లీటర్ల డీజిలును ఎవరూ దుర్వినియోగం చేయలేదు. గాలి అందక, నాజిళ్లు పాడై, పొగగా పోయింది. డ్రైవరు గారు ముందే చెప్పారు. వినవలసినవాణ్ణి నేను, వినలేదు.

ఈ సంచిక ఒక ప్రతిని వారి అమ్మాయికి నేనే స్వయంగా అందజేస్తాను.